గేర్లో వదిలిన బండి

"తాళంచెవి లేని బండిని నేనేం జేసేదక్కా?" అన్నాడు మెకానిక్ ఉచ్చీరప్ప, ఆయిలు చేతులు గుడ్డపీలికకు తుడుచుకుంటూ. "ఏటిగడ్డ నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి ఈడ దించి పోయినారు. ఆ పొద్దు నుంచి ఇట్లే నిలబడింది. నేను చెయ్యి గూడా పెట్టల్యా."

"షెడ్డు లోపలికి తోసుకోని వచ్చినారా?"

"యాడ తోసేది? చక్రం తిరగల్యా. బిగుసుకపోయింటాదని నలుగురు ఎత్తి పెట్టినారు."

ఆ మాటను ఒక పక్కన దాచుకున్నాను. నా వెనక ఎస్తేరు షెడ్డు గడప దాటకుండా నిలబడి ఉంది. బండి వైపు చూడటం లేదు. గోడకు వేలాడుతున్న పాత ట్యూబుల వైపు చూస్తోంది.

నా పేరు మల్లేశ్వరి. ఆదోనిలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. నా మెట్లెక్కేవాళ్ళలో సగం మంది మిగతా గుమ్మాలన్నీ ఎక్కి దిగి, ఇక ఎక్కడికీ పోలేక వచ్చినవాళ్ళే. ఎస్తేరు అలాగే వచ్చింది. ఆమె భర్త రాజశేఖర్ ఆదోనిలో లక్ష్మప్ప పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. కాపురం ఎమ్మిగనూరులో. రోజూ ఈ బండి మీదే వచ్చి పోయేవాడు. వారం కిందట ఒక సాయంత్రం, మంత్రాలయం దాకా పనుంది, ఆలస్యమవుతుంది, నువ్వు తినేసి పడుకో అని ఫోన్ చేశాడు. అదే ఆఖరి మాట. మర్నాడు తుంగభద్ర ఒడ్డున బండి కనబడింది. సీటు మీద చొక్కా, కింద చెప్పులు. మనిషి లేడు. పోలీసులు కనబడుట లేదని రాసుకున్నారు. మిగతా అందరూ మునిగిపోయాడని మనసులో రాసేసుకున్నారు. మా మిల్లు మనిషి బండి అంటూ లక్ష్మప్ప సేటు దాన్ని ఇక్కడికి చేర్పించాడు.

"పోయినాడో లేదో అదొక్కటి చెప్పక్కా చాలు," అంది ఎస్తేరు నాతో మొదటి రోజు. "పోయింటే ఏడుస్తా. పోకుంటే ఎదురుచూస్తా. ఈ రెండూ ఒకేసారి చేయలేకుండా ఉండాను."

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాడు రాడని తెలిస్తే మనసు ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. ఈ పిల్లకు ఆ పాటి నెమ్మది కూడా లేదు. అందుకే ఈ కేసు మీద నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను బాగా పని చేస్తాను.

బండి చుట్టూ తిరిగి చూస్తుండగానే బయట కారు ఆగింది. ఎవరు దిగారో తల తిప్పకుండానే తెలిసింది, సెంటు వాసన ముందొచ్చింది కనక. శివకుమార్. కర్నూలులో సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతాడు. మిల్లు తరఫున ఈ కేసులో విచారణ అంటూ తిరుగుతున్నాడు. నేను ఎక్కడికి పోతే అక్కడికి వస్తాడు.

"ఏం మేడం, బండికి పంచనామా చేస్తున్నారా?"

"చేయకూడదా?"

"చేసుకోండి, దండగే గానీ తప్పేముంది? అది చచ్చిన బండి. హారన్ మోగుతాది, లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ కొడితే మాత్రం కిక్కురుమనదు. పొద్దు మునిగే వేళ ఏటిగడ్డన అట్లా మొరాయించింది. అసలే మనసు బాగలేని మనిషి. నీళ్ళలోకి దిగినాడు. అయిపోయింది."

"ఆయన మనసు బాగలేదని మీకెవరు చెప్పారు?"

"మిల్లులో అందరూ చెప్పినారు."

"అందరూ అంటే లక్ష్మప్ప సేటా? ఏట్లో ఇప్పుడు మోకాల్లోతు నీళ్ళు లేవు శివకుమార్ గారూ."

"మడుగులున్నాయి."

"మడుగులో పడినవాడు వారానికైనా తేలాలి గదా?"

"మొసళ్ళు గూడా ఉన్నాయి మేడం," అన్నాడు, చాలా మామూలుగా.

గుమ్మం దగ్గర ఎస్తేరు గోడ పట్టుకుంది. నేను లేచి అతని ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"ఆ మాట ఇంకొకసారి ఆ పిల్ల ముందర అంటే, మీ సెక్యూరిటీ వాళ్ళంతా కలిసినా మిమ్మల్ని కాపాడలేరు. బయట నిలబడండి."

అతను నవ్వాడు. అంతలో ఫోన్ మోగింది. దాన్ని చెవికి పెట్టుకుని, ఏదో పెద్ద పని ఉన్నట్టు రోడ్డు అవతల టీ కొట్టు దాకా నడిచిపోయాడు. అతను చెప్పినదాంట్లో ఏదో ఒకటి నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఏమిటో అప్పటికప్పుడు తట్టలేదు.

"ఎస్తేరూ, రెండో తాళంచెవి తెచ్చినావా?"

చున్నీ కొసన ముడి విప్పి ఇచ్చింది. "కందిపప్పు డబ్బాలో ఉండె అక్కా. ఇంట్లో ఒకటి పెట్టుకో, నేను పారేసుకున్నా నువ్వు ఉంటావు అని ఇచ్చినాడు."

తాళంచెవి పెట్టి తిప్పాను. మీటరు వెలిగింది. హారన్ నొక్కితే షెడ్డంతా అదిరింది. బ్యాటరీ నిర్దోషి. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చు సరిగానే ఉంది. సైడు స్టాండు దించి ఉంటే లేవని బండ్లు ఉంటాయి కాబట్టి ఉచ్చీరప్పను బండి పట్టుకోమని స్టాండు మడిచాను. క్లచ్ బిగించి సెల్ఫ్ నొక్కాను. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. టక్కుమన్న శబ్దం కూడా రాలేదు. దీనికి కిక్కర్ లేదు, కాలితో తన్ని లేపుదామంటే.

"సెల్ఫ్ మోటరు పోయిందక్కా. మార్చాల్సిందే," అన్నాడు ఉచ్చీరప్ప. ఏ బండి చూసినా ఆయనకు మొదట తోచేది మార్చాల్సిందే.

"మోటరు పోతే చక్రం ఎందుకు బిగుసుకుంటుందన్నా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. అప్పుడు గడప దగ్గర నుంచి ఎస్తేరు నెమ్మదిగా లోపలికి వచ్చింది. వంగి మీటరు చూసింది.

"పచ్చ దీపం వెలగల్యా అక్కా. గేర్లో ఉంది. గేర్లో ఉంటే ఇది లేవదు."

"క్లచ్ పట్టినా?"

"పట్టినా లేవదు. ఈ బండి గుణమే అంత."

చెప్పు విడిచి వేళ్ళతో గేరు లివరును సుతారంగా పైకి ఎత్తింది. మీటరులో పచ్చ దీపం వెలిగింది. సెల్ఫ్ నొక్కింది. వారం రోజుల మౌనం ఒక్క క్షణంలో పోయింది. ఇంజను అందుకుని, కాస్త దగ్గి, మెత్తగా తిరగసాగింది.

ఎస్తేరు అరచేయి ట్యాంకు మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కళ్ళు మూసుకుని వింటూ నిలబడింది.

"సందు మలుపులో ఈ సద్దు వినపడుతూనే అన్నం వార్చేదాన్ని అక్కా," అంది చివరికి. "ఈ వారం మా సందులోకి ఎన్ని బండ్లొచ్చినాయో అన్నిసార్లు వాకిట్లోకి పోయినా. దీని సద్దు కాదని తెలుస్తానే ఉంటాది. తెలిసినా కాళ్ళు నిలబడవు. తలుపు గడి గూడా వేయల్యా. వచ్చి కొడితే ఎక్కడ నిద్రలో వినపడకపోతుందో అని."

నేను బండి పక్కన వంగాను. క్లచ్ లివరు కింద వేలు పెట్టి చూశాను. అక్కడ చిన్న స్విచ్చు ఉంటుంది. క్లచ్ బిగించాం, ఇక బండి దూకదు అని సెల్ఫ్‌కు కబురు చేసేది అదే. దాని వైరు తెగి వేలాడుతోంది. ఆ కబురు అందకపోతే న్యూట్రల్లో తప్ప బండి లేవదు. తెగిన కొన మీద మట్టి పేరుకుని ఉంది. ఇది నిన్నా మొన్నా తెగింది కాదు.

"పత్తి తీసే దినాల నుంచి ఇంతే," అంది ఎస్తేరు. "రేపు చేస్తా, ఎల్లుండి చేస్తా అంటాండె. మిల్లులో ఏనుగులంత మిషన్లు బాగుచేసే మనిషి, తన బండికి ఒక వైరు కలపల్యా. అందుకే యాడ ఆపినా న్యూట్రల్ చేసి, దీపం చూసినాకే తాళంచెవి తీస్తాడు. నాకు నేర్పించినప్పుడు గూడా అదే పాఠం. పచ్చ దీపం చూసుకో ఎస్తేరూ, పచ్చ దీపం అని ప్రాణం తీసేటోడు."

"అయితే ఆయన దీన్ని గేర్లో వదిలేసి పోడు."

"చచ్చినా పోడు." అన్న తర్వాత ఆ మాటకు తనే ఉలిక్కిపడింది.

"ఏటిగడ్డ ఏటవాలు గదమ్మా," అని అడ్డొచ్చాడు ఉచ్చీరప్ప. "న్యూట్రల్లో పెడితే జారిపోతాదని గేరేసింటాడు. మేమంతా అట్లే చేస్తాం."

"ఆయన నాడె పెడ్తాడన్నా చక్రం కింద."

మగ్గం మీద నూలును అటూ ఇటూ మోసే కొయ్య నాడె. రాజశేఖర్ తల్లి లక్ష్మమ్మ ఎమ్మిగనూరులో చీరలు నేసిన మనిషి. ఆమె పోయాక మగ్గం అమ్మేశారు, నాడె ఒక్కటి అతను ఉంచుకున్నాడు. రెండు వైపులా సన్నగా, నడుమ లావుగా ఉండే ఆ కొయ్య చక్రం కింద పెట్టడానికి భలేగా కుదిరిందట. అమ్మ చెయ్యి పట్టుకున్నట్టు ఉంటాది అనేవాడట.

సైడు బాక్సు తెరిచాను. రెండు స్పానర్లు, ప్లగ్గు, మడిచిన ప్లాస్టిక్ కవరు. నాడె లేదు.

"ఆయన ఆఖరుసారి బండి ఆపిన చోటే అదుంటాది," అంది ఎస్తేరు. నేను అనబోతున్న మాట ఆమే అనేసింది.

"ఎస్తేరూ, ఒకటి అడుగుతా, దాచొద్దు. ఆయనకు ఎవరితో తగాదా?"

ఆమె రోడ్డు వైపు చూసి గొంతు తగ్గించింది. "మిల్లులో దూది తీసేసినాక మిగిలిన పత్తిగింజలకు రంగు పూసి, కంపెనీ విత్తనాలని ప్యాకెట్లు కడ్తాండారక్కా. పెద్దకడుబూరులో మా నాయన గిడ్డయ్య అవే ఏసినాడు. చెట్టు మనిషెత్తు పెరిగింది, కాయ మాత్రం పట్టల్యా. ఈయన పోయి ఆ చేనుగట్టున కూచోని, నేను బాగుచేసిన మిషన్లోనుంచే వచ్చినాయి మామా ఇవి అని ఏడ్చినాడు. ఎవురికో చెప్పాల అంటాండె. ఎవురికో నాకు చెప్పల్యా."

చెప్పాలని పోయినవాణ్ణి చెప్పకుండా చేశారు. ఎవరో ఈ బండిని ఏటిగడ్డకు తెచ్చి, దీని గుణం తెలియక గేర్లో వదిలేశారు. అప్పటికి నా లెక్క అదే. ఆ లెక్కలో రాజశేఖర్ బతికి ఉన్నాడన్న నమ్మకానికి చోటు తక్కువ. అది ఎస్తేరుతో చెప్పలేదు.

శివకుమార్ తిరిగి వచ్చి, తిరుగుతున్న ఇంజను చూసి ఆగిపోయాడు.

"లేచిందా?"

"ఉచ్చీరప్పన్న లూజు వైరు ఏదో కలిపినాడు," అన్నాను.

ఉచ్చీరప్ప నోరు తెరిచి, నా మొహం చూసి మూసుకుని, "చిన్న పనే లే సార్," అని గొప్పంతా తీసుకున్నాడు.

శివకుమార్ బండిని, ఎస్తేరును మార్చి మార్చి చూశాడు. సరిగ్గా అప్పుడే నా చెవిలోని ముల్లు ఊడి చేతిలోకి వచ్చింది. మొహంలో కనబడనివ్వలేదు.

"మేం ఏటిగడ్డకు పోతున్నాం. మీరూ రండి," అన్నాను. "మా కారులోనే పోదాం. మీ డ్రైవరును పంపించేయండి."

నన్ను ఒంటరిగా వదలడం అతనికీ ఇష్టం లేదు. సరేనన్నాడు. కదిలే ముందు ఎస్తేరు చెవిలో రెండు ముక్కలు చెప్పాను. ఆమె ఎందుకని అడగలేదు, తల ఊపింది.

బండి మీద ఎస్తేరు ముందు, మా కారు వెనక. నా డ్రైవరు యేసురత్నం, దూది బేళ్ళు మోసిన ఒడ్డూ పొడుగూ మనిషి, బండికి దారిస్తూ నెమ్మదిగా నడిపాడు. సీటులో ముందుకు జరిగి కూర్చుంది ఆ పిల్ల. వెనక ఒక మనిషికి చోటు మిగిలి ఉంది. ఎమ్మిగనూరులో తన సందు మలుపు వచ్చినప్పుడు బండి కాస్త తగ్గింది. ఆ కాసేపు దారి మరచిపోయి ఇంటికి తిరుగుతుందేమో అనిపించింది. తర్వాత మళ్ళీ వేగం అందుకుంది.

మంత్రాలయంలో స్నానాల రద్దీ దాటి, కొంచెం దిగువకు వెళ్ళాం. బండి దొరికిన చోటు పోలీసు ఫోటోలో నేను చూసిందే. ఒడ్డు నుంచి రాళ్ళ మధ్యగా ఇసుకలోకి జారే ఏటవాలు. పైన మెరకలో ఉగ్గాని, బజ్జీ అమ్మే తోపుడు బండి ఒకటి. ఎస్తేరు మోటార్‌సైకిలును దాని పక్కనే ఆపి దిగింది. చుట్టూ చూసింది. ఎండిన తుంగ, రాళ్ళు, ఎవరో ఆరేసిన పంచెలు.

నేను ఇసుక వైపు దిగబోతుంటే ఆమె తోపుడు బండి చక్రం దగ్గర ధబ్బున కూలబడింది.

"తీయొద్దమ్మో, బండి జారిపోతాది!" అని అరిచింది బజ్జీలు వేస్తున్న పెద్దామె మద్దమ్మ, జల్లిగరిటె ఎత్తి.

చక్రం కింద నాడె. అరిగి నున్నగా మెరుస్తున్న కొయ్య, కొసలకు ఇనుప మొనలు. ఎస్తేరు దాన్ని లాగలేదు. రెండు చేతులూ దాని మీద పెట్టి అలాగే ఉండిపోయింది. నేను ఒక రాయి తెచ్చి చక్రానికి అడ్డం పెట్టాక అప్పుడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దొంగతనం కాదు తల్లీ," అంది మద్దమ్మ కంగారుగా. "ఆ పొద్దు బండిని నలుగురు ఎత్తకపోతాంటే ముందు చక్రం కింద ఇది పడుండె. మంచి కొయ్య, పారేసుకునేదెందుకని తెచ్చుకుంటి."

"మోటార్‌సైకిలు ముందు చక్రం కిందనే ఉందా? సరిగ్గా చెప్పవ్వా."

"చక్రానికి అదుముకోని ఉండె. నేనే గదా తీసింది?"

నా లెక్క అక్కడ తలకిందులైంది. బండిని ఎవరో తెచ్చి వదిలిపోలేదు. ఎవరో అయితే సైడు బాక్సు తెరిచి, నాడె వెతికి, చక్రం కింద పెట్టే ఓపిక ఎందుకుంటుంది? ఎవరినో కలవాలని రాజశేఖర్ తనే ఇక్కడికి వచ్చాడు. తనే ఆపాడు. నాడె పెట్టాడంటే అప్పటికి న్యూట్రల్లో ఉన్నట్టే.

"మరి గేర్లో వేసిందెవరు?" అన్నాను పైకే.

ఎస్తేరు తలెత్తింది. చాలా రోజుల తర్వాత ఆ మొహంలోకి రక్తం వచ్చింది.

"ఆయనే అక్కా. నాడె పెట్టి లేచినాక, తనను పట్టుకోను వచ్చేటోల్లను చూసింటాడు. పక్కన నిలబడే కాలితో లివరు కిందికి నొక్కేసినాడు. తనను తీసకపోయినా బండిని తీసకపోలేరని. ఈడే ఉండిపోవాలని. దీన్ని లేపడం ఆయన్ను తప్పితే నాకే గదా తెలుసు? నేను వస్తానని, చూస్తానని..." నాడెను గుండెకు అదుముకుంది.

"బాగుంది కథ," అన్నాడు శివకుమార్ వెనక నుంచి. "ఒక చెక్కముక్క, ఒక గేరు. వీటితో చచ్చినవాణ్ణి లేపేస్తారా మేడం? ఆ అమ్మాయికి లేనిపోని ఆశ పెట్టడం పాపం."

"పాపం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మద్దమ్మవ్వా, ఆ బండి ఈడికి వచ్చిన సాయంత్రం నువ్వేమన్నా విన్నావా?"

"పొద్దు మునిగినాక సామాను సర్దుకుంటాంటి. ఎవురో ఆ బండి మీద కూచోని పీకులాడ్తాండాడు. కంగారులో హారన్ మీద చెయ్యి పడి ఊరికే మోగుతాంది, ఇంజను మాత్రం పలకల్యా. అంతలో ఏటి నుంచి బట్టలుతికేటోల్లు పైకొస్తాంటే ఇంకొకడు, ఇడిసిపెట్టు, పోదాం రా అని వాన్ని పిలుచుకపాయ. మసకలో మొగాలు కనపల్యా."

"పోలీసులకు చెప్పినావా?"

"మనిషి మునిగేది చూసినావా అనడిగినారు. చూడల్యా అంటి. హారన్ గురించి ఎవురడిగినారు?"

నేను శివకుమార్ వైపు తిరిగాను.

"పొద్దున షెడ్డులో మీరొక మాటన్నారు. హారన్ మోగుతుంది, లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ కొట్టదు అని. ఆ సంగతి మీకెట్లా తెలుసు?"

"మెకానిక్ చెప్పినాడు."

"ఆయన దగ్గర తాళంచెవి లేదు. తాళంచెవి లేకుండా ఏ హారనూ మోగదు."

"అయితే పోలీసులు..."

"వాళ్ళకూ దొరకలేదు. రిపోర్టులోనే రాసినారు. చొక్కా, చెప్పులు జాగ్రత్తగా సర్దినారు గానీ, బండి దిగిన ప్రతివాడూ చేసే పనే మీరూ చేసినారు. అలవాటు కొద్దీ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. రెండోది ఎస్తేరు చున్నీ ముడిలో ఉంది. మీరు ఆ మాట అన్నాకనే అది బయటికొచ్చింది. రాజశేఖర్ మాయమైన తర్వాత ఈ బండి మీద కూర్చుని సెల్ఫ్ కొట్టి చూసినవాడు ఒక్కడే ఉన్నాడు శివకుమార్ గారూ. బండిని మాయం చేసి ఊరొదిలి పోయినాడని చెబుదామనుకున్నారు. అది కదల్లేదు. కథ మార్చి, జనం పోయినాక చొక్కా, చెప్పులు తెచ్చి పెట్టి, ఆయన్ను ఏట్లో ముంచినారు."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. నా కారు వైపు చూశాడు. యేసురత్నం తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తర్వాత ఎస్తేరు బండి వైపు చూశాడు. తాళంచెవి దాంట్లోనే వేలాడుతోంది. ఒక్క ఉరుకున పోయి బండి ఎక్కేశాడు. తాళంచెవి తిప్పాడు, స్టాండు తన్నాడు, క్లచ్ బిగించాడు, సెల్ఫ్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు. బొటనవేలు జారి హారన్ మీద పడింది. అది ఏటి పొడవునా మోగింది.

"ఇదే సద్దు!" అంది మద్దమ్మ.

"లేవదు సారూ," అంది ఎస్తేరు, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే. "గేర్లో పెట్టినా."

బయల్దేరే ముందు ఆమె చెవిలో నేను వేసిన రెండు ముక్కలూ అవే. గేర్లో ఆపు, తాళంచెవి తీయొద్దు.

యేసురత్నం అతన్ని సీటు మీద నుంచి మూటను దించినట్టు దించాడు. చేపల వాళ్ళు ఇద్దరు పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నారు. జేబులు తడిమాను. ఒక దాంట్లో తాళంచెవుల గుత్తి. దాంట్లో ఈ బండి తాళంచెవి లేదు, పారేసినట్టున్నాడు. ఇంకో జేబులో ఫోన్. బయటికి తీస్తుండగానే మోగింది. ఓబన్న షెడ్డు అని పేరు కనబడింది. యేసురత్నానికి సైగ చేశాను. ఆయన అరచేయి శివకుమార్ నోటిని మూసేసింది. ఫోన్ ఎత్తి, అందరికీ వినబడేలా పెట్టి, నేను ఊరుకున్నాను.

"అన్నా, ఓబన్నను," అంది అవతలి గొంతు, ఎవరని అడగకుండానే. "సేటు ఫోన్ చేసినాడు. ఇంగ ఈ షెడ్డులో పెట్టొద్దంట. పొద్దు మునుగుతానే వీన్ని హొళగుంద మీదుగా రాష్ట్రం అవతలికి దాటించమన్నాడు. ఆడ ఏం చేయాలో వాల్లకు చెప్పినాడంట. వీడు నిన్నటి నుంచి మెతుకు ముట్టల్యా అన్నా. తన్నినా పలకడు. ఒకటే అడుగుతాడు, బండి ఎవురన్నా స్టార్ట్ చేసినారా, నా బండి స్టార్ట్ అయిందా అని. పిచ్చి పట్టినట్టుంది. ఏం చెప్పమంటావు?"

ఫోన్ కట్ చేశాను. ఎస్తేరు లేచి నిలబడింది. నాడెను గట్టిగా పట్టుకుని దక్షిణం వైపు చూసింది.

"ఆ షెడ్డు నాకు తెలుసక్కా. పెద్దకడుబూరులో మా నాయన చేనికి పోయే దోవలోనే. లక్ష్మప్ప విత్తనాల షెడ్డు. నల్లరేగడి దోవ, కారు పోదు."

పొద్దు అప్పటికే పడమటికి వాలింది. నేను స్టేషనుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. జీపు పంపిస్తున్నాం, మేం వచ్చేదాకా మీరు కదలొద్దు అన్నారు. శివకుమార్‌ను వాళ్ళకు అప్పగించే పని యేసురత్నానికి ఒప్పజెప్పి వెనక్కి తిరిగేసరికి ఎస్తేరు బండి మీద కూర్చుని ఉంది. నాడెను చున్నీతో నడుముకు బిగించి కట్టుకుంది.

"పోలీసులు ఆగమన్నారు ఎస్తేరూ. అక్కడ ఎంతమంది ఉన్నారో మనకు తెలియదు."

ఆమె వినలేదో, వినదలుచుకోలేదో. కాలివేళ్ళతో లివరును మెల్లగా పైకి ఎత్తింది. పచ్చ దీపం వెలిగేదాకా చూసింది. బొటనవేలు సెల్ఫ్ మీద పెట్టింది. ఒక్క దెబ్బకే ఇంజను లేచింది.

"ఎక్కక్కా," అంది, వెనక నాకు చోటు చేస్తూ. "స్టార్ట్ అయిందా అని అడుగుతాండాడంట గదా. నేనే పోయి చెప్తా."